దుప్పటి కింద పాదాలు

ఊళ్లో సగం మంది కాళ్లు ఆయనకు తెలుసు. చెప్పు తిరగేసి మడమ ఎటు అరిగిందో చూస్తే చాలు, మనిషెవరో చెప్పేవాడు. ప్రార్థన మందిరం పక్క సందులో, మెట్ల కింద అరలాంటి దుకాణంలో ముప్పై ఏళ్లు కుట్టాడు. అందరికీ చెప్పులాయన. ఆయన భార్య చెప్పులాయన భార్య.

సణుగుడు ఆయనకు ఊపిరి లాంటిది. ఎండకు సణిగేవాడు, వానకు సణిగేవాడు, కూరలో ఉప్పుకు సణిగేవాడు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో నలభై ఏళ్లు నడిచినా చెప్పులు అరగలేదు, కాళ్లు వాయలేదు అని పాస్టరుగారు చెప్పిన ఆదివారం, ఇంటికి వస్తూ భార్యను అడిగాడు.

"మరి వాళ్లలో చెప్పులు కుట్టేవాడు ఏం తిని బతికాడంటావే?"

"ఆకాశం నుంచి పడ్డ మన్నా తిన్నాడులే. నోరు మూసుకుని నడు."

మరుసటి ఏడు ఆయన కిడ్నీలు పాడయ్యాయి. పాదాలు ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. తాను కుట్టిన ఏ చెప్పూ తన కాలికి పట్టలేదు.

ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లతో పాటు ఆడపడుచు కూడా వచ్చింది. అన్న కాళ్లు చూసి వదినను పక్కకు పిలిచింది.

"నమ్మినవాళ్ల కాళ్లు వాయవని వాక్యమే చెబుతోంది కదా వదినా. సణిగినవాళ్లే అరణ్యంలో రాలిపోయారు. అన్నయ్యను పాపం ఒప్పుకోమను."

ఆ మాట ఆమె గుండెలో దిగబడిపోయింది. అప్పటి నుంచి గుమ్మంలో ఆడవాళ్ల గొంతులు వినిపిస్తే చాలు, దుప్పటి తెచ్చి ఆయన కాళ్లు కప్పేది.

"తియ్యవే. ఉక్కతో చస్తున్నాను."

"కాసేపు ఓర్చుకో. వాళ్లు వెళ్లిపోనీ."

"కాళ్లే కదా, దొంగసొత్తు కాదుగా."

ఒక బుధవారం మధ్యాహ్నం ఆడపడుచుతో సహా అందరూ ప్రార్థనలో ఉండగానే ఆయన పోయాడు. ఆమేన్ అన్నాక గాని ఎవరికీ తెలియలేదు. దుప్పటి అలాగే ఉంది.

మూడు నెలలకు స్త్రీల కూడికలో మాట్లాడే వంతు ఆమెకు వచ్చింది. అంశం అరణ్య ప్రయాణం. నేను చెబుతానులే వదినా అంది ఆడపడుచు. ఆమె ఒప్పుకోలేదు. దేవుడు ఆయనను విడిచిపెట్టాడా అన్న ప్రశ్న ఆమెను తిండి తిననివ్వడం లేదు. నాలుగో తరగతి చదువుతో, వేలు పెట్టి కూడబలుక్కుంటూ, బైబిల్లో ఆ భాగాలన్నీ చదివింది.

"కాళ్లు వాయలేదని రాసింది, దేవుడు వాళ్లను ఎలా చూసుకున్నాడో చెప్పడానికి," అంది కూడికలో లేచి. "కాళ్లు వాచినవాళ్లకు తీర్పు చెప్పడానికి కాదు. సణిగినవాళ్లు రాలిపోయారు, నిజమే. కానీ తానిస్తానన్న దేశంలో వాళ్లు అడుగుపెట్టరని తెలిసి కూడా దేవుడు వాళ్లకు మన్నా ఆపలేదు. రేపు పోయేవాడికి కూడా ఇవాళ తిండి పెట్టాడు. దారి చూపే మేఘం వాళ్లను వదిలి పోలేదు. మనమూ ఇంకా అరణ్యంలోనే ఉన్నాం. పక్కవాడి కాళ్లు చూసి వీడు చేరతాడు, వీడు చేరడు అనే పని మనకెవరూ ఇవ్వలేదు."

బైబిలు మూసింది.

"ఆయన సంగతి దేవుడికి తెలుసు, నాకు తెలీదు. దేవుడు ఆయన్ను చూసి సిగ్గుపడ్డాడని మాత్రం నేననుకోను. సిగ్గుపడింది నేను. మీ కంట పడకుండా నేనే కప్పాను. ఆఖరి గంట కూడా ఆయన్ను ఉక్కలోనే ఉంచాను."

కూర్చుంది.

బయటికి వచ్చాక ఆడపడుచు వెనకాలే వచ్చింది.

"పోయిన రోజు అన్నయ్య నా గురించి ఏమన్నా అన్నాడా వదినా?"

"ఇదింకా వెళ్లలేదా అన్నాడు."

ఆడపడుచు నవ్వబోయి ఏడ్చింది. ఆమె ఓదార్చలేదు, వదిలి ముందుకు పోనూ లేదు. ఏడుపు తగ్గేదాకా ఆ ఎండలో పక్కనే నిలబడింది.