బండి వెనక నిలబడే మనిషి

మొన్న ఒక ఉదయం మా మేనల్లుడు నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి కారు స్టార్టు చేయగానే స్టీరింగు వెనక మీటర్ల పలక మీద పసుపుపచ్చని గుర్తు ఏదో వెలిగింది. "వెనక బ్రేకు బల్బు పోయినట్టుంది మావయ్యా" అని అతను మామూలుగా అన్నాడు గానీ, ఆ మాట వినగానే నేను తలుపు తీసుకుని, చేతికర్ర ఊతంతో దిగి, కారు వెనకకు నడిచి, నాలుగు అడుగుల దూరంలో నిటారుగా నిలబడ్డాను. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కడికెందుకు వెళ్ళారు మావయ్యా, ఎవరూ చూడక్కర్లేదు, బండే చెప్తుంది కదా" అని నవ్వాడు. నేను తిరిగి వచ్చి కూర్చున్నాను. దారి పొడుగునా అతను ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం అరవై ఏళ్ళ వెనక, జగ్గయ్యపేట బస్టాండు పక్కన, వానలో ఉన్నాను.

ఆ రోజుల్లో బండి నడిపినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ముందు దీపాలు వెలుగుతున్నాయో లేదో ఎదురుగా గోడ ఉంటే తెలుస్తుంది, వైపరు ఆడుతున్నదీ లేనిదీ కళ్ళముందే కనిపిస్తుంది, హారను చెవికే వినిపిస్తుంది. బ్రేకు దీపం ఒక్కటే నడిపేవాడికి కనిపించదు. కాలేమో పెడలు మీద ఉండాలి, కన్నేమో బండి వెనక ఉండాలి. అంటే ఇంకొక మనిషి కావాలి. ఇంకొక మనిషిని ఏదైనా అడగడమన్నది మా ఇంటి అలవాట్లలో లేదు.

మా ఇల్లు పేటలో ఒకప్పుడు పేరున్న ఇల్లు. ఎంత పేరో ఇక్కడ రాయను. నోటితో చెప్పుకోవలసి వచ్చిన పేరు పేరే కాదని మా తాతగారు అనేవారట. నాకు జ్ఞానం వచ్చేసరికి పొలాలు నాన్నగారి కోర్టు వ్యాజ్యాల్లో కరిగిపోయాయి. ఆయన పోయిన ఏడాదికి, వీధివైపు భాగమంతా సున్నపురాయి క్వారీల షావుకారు ఒకాయన కొనుక్కున్నాడు. వెనక రెండు గదులూ, వాటిని ఆనుకున్న గుర్రపుసాలా అమ్మకూ నాకూ మిగిలాయి. సాలలో గుర్రాలు లేవు. యుద్ధం అయిపోయాక బెజవాడలో మిలటరీ సామాను అమ్మినప్పుడు నాన్నగారు వేటకు పనికొస్తుందని కొన్న పికప్ వ్యాను ఉంది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక టాపు లేని తొట్టి. ఆయన దానిమీద వేటకు వెళ్ళింది రెండుసార్లు. ఆ గదులు కాక నాకు వారసత్వంగా దక్కింది అదొక్కటే.

అరవైల మొదట్లో ఆ బండి మీద పేట నుంచి నందిగామకు ఎండుమిరపకాయల బస్తాలు వేసుకుపోయి, వచ్చేటప్పుడు తెలగపిండి తెచ్చేవాణ్ణి. బస్తాలు మోసేవాళ్ళు మోసేవారు, నేను దిగేవాణ్ణి కాదు. ఇస్త్రీ చేసిన తెల్లపంచె, తెల్లచొక్కా. సీటుకు వీపు ఆనించేవాణ్ణి కాదు. బస్టాండు దగ్గర కుర్రకారు, "దొరగారింకా గుర్రం దిగలేదురోయ్" అనుకోవడం నా చెవిన పడేది. పడనట్టే ఉండేవాణ్ణి.

ఆ బస్టాండు పక్కనే మా గుర్రబ్బండి తోలిన సాయిబు చిన్న రేకుల షెడ్డు వేసుకుని మోటారు సామాను అమ్మేవాడు, రిపేర్లు కూడా చేసేవాడు. చిన్నప్పుడు నేను ఆయన ఒళ్ళో కూర్చుని పగ్గాలు పట్టుకున్నవాణ్ణి. 'మామా' అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను 'చిన్నబాబూ' అనేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు గుర్రాలను అమ్మేశారు. ఇరవై ఏళ్ళు తోలిన మనిషితో నాన్నగారు ఎదురుగా ఒక్క మాట చెప్పలేకపోయారు. పాలేరుతో కబురు పంపితే అది ఆయనకు ఆలస్యంగా అందింది కాబోలు, మర్నాడు పొద్దున్నే అలవాటుగా పచ్చగడ్డి మోపుతో వచ్చి, ఖాళీగా ఉన్న సాల ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నేను మేడమీది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. దిగి రాలేదు. ఆయన మోపు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎన్నేళ్ళయినా నేను ఆ షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పేవాణ్ణి కాదు. పేటలో అందరూ దాన్ని గర్వమనుకున్నారు. అనుకోనిచ్చాను.

బండ్లను పరీక్షించే బ్రేక్ ఇన్‌స్పెక్టరు నెలకొకసారి నందిగామలో క్యాంపు పెట్టేవాడు. ఆ ఏడాది తొలకరికి ముందు క్యాంపులో ఆయన నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, పదిమంది డ్రైవర్ల ముందు, "ఏవండీ, పేరు చూస్తే ఇంత పొడుగుంది, బండికి చూస్తే వెనక దీపం లేదు, ముందు తుడుపు లేదు. వచ్చే నెలకి ఈ రెండూ ఉంటేనే సంతకం పెడతా. లేకపోతే బండి ఇంట్లో పెట్టుకుని పూజ చేసుకోండి" అన్నాడు. డ్రైవర్లు నవ్వారు. ఈ సంగతి నాకంటే ముందే పేట చేరింది. రెండో రోజే షావుకారు మా పురోహితుడితో కబురంపాడు. "ఆ డొక్కు ఎలాగూ మూలపడేదే కదా, మా క్వారీ చీటీలు రాయడానికి రమ్మనండి. చదువుకున్నవాడు, నేల మీద ఎందుకూ, కుర్చీ వేయిస్తా" అన్నాడట. ఆ కుర్చీ వేయించేది మా తాతగారు కూర్చున్న చావిట్లోనే. ఆ నెల రోజులూ నాకు ఆ కుర్చీయే కళ్ళముందు కదిలేది. సంతకం పడకపోతే మిరపకాయల బేరం ఇంకొకడికి పోతుంది. బేరం పోతే నాకిక మిగిలేది ఆ కుర్చీ. అమ్మకు మాత్రం బండి పరీక్ష తప్పిందన్న మాట చెప్పలేదు.

సాయిబు షెడ్డు నాలుగు అడుగుల దూరంలో ఉండగా, బల్బూ వైపరూ బెజవాడ నుంచి బస్సు కండక్టరు చేత తెప్పించాను. గుర్రపుసాల తలుపులు మూసుకుని, పంచె ఎగగట్టి, నేనే బిగించాను. వైపరు ముందు బిగించాను. పాతదాని రబ్బరు ఎండి, చింతబరికెలాగా విరిగిపోయింది. కొత్తది రెండు అంగుళాలు పొడవెక్కువై అద్దం చట్రానికి టకటకా కొట్టుకునేది. కొట్టుకుంటే కొట్టుకోనీ అనుకున్నాను. తరవాత వెనక దీపం. గాజు మూత విప్పి, మాడిన బల్బు తీసి, కొత్తది పెడితే అది లోపలికి పోదు. తుడిచాను, ఊదాను, పోదు. చివరికి పళ్ళ బిగువున నొక్కి తిప్పాను. కటుక్కుమని వెళ్ళి కూర్చుంది. స్విచ్చి వేసి వెనక్కి వెళ్ళి చూద్దును కదా, దీపం ఎర్రగా ధగధగలాడుతోంది. పాత బల్బు ఏనాడూ అంత వెలగలేదు. బెజవాడ సరుకంటే ఇలా ఉండాలి అనుకున్నాను. బ్రేకు తొక్కితే వెలుగుతుందో లేదో చూడాలన్న ఆలోచన రాకపోలేదు. దానికి ఇంకో మనిషి కావాలి. అమ్మను పిలిస్తే ఎందుకని అడుగుతుంది. వీధిలో ఎవర్ని పిలిచినా సాయంత్రానికి షావుకారుకు తెలుస్తుంది. అంతగా వెలిగే బల్బు తొక్కితే వెలగదా అని సరిపెట్టుకున్నాను.

క్యాంపు రోజు తెల్లవారేసరికి మబ్బు పట్టి పట్టపగలే దీపాలు వేసుకోవలసినంత చీకటిగా ఉంది. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం పన్నెండింటికల్లా పుస్తకం మూస్తాడు. తొమ్మిదింటికి బయలుదేరాను. చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డు ఎక్కేసరికి జడివాన. ఆ బండి వైపరుకు వేరే మోటారు లేదు, ఇంజను పీల్చే గాలితోనే ఆడేది. అందుకని ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే సరిగ్గా అవసరమైనప్పుడు, అది నీరసించి ఆగిపోయేది. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. మళ్ళీ దిగుడు వచ్చేసరికి టకటకా కొట్టుకునేది. చేతులు స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకున్నాయో తరవాత గాని తెలియలేదు, అరచేతుల్లో గీతలు పడ్డాయి. వెనక ఒక లారీ వస్తోంది. దాని హారను మొదట రెండుసార్లు, తరవాత ఆగకుండా మోగుతోంది. ఎందుకో తెలియదు. ఇంతలో ఎదురుగా వానలోంచి గేదెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను.

వెనక టైర్లు కీచుమన్నాయి. ఆ లారీ నా తొట్టికి జానెడు దూరంలో పక్కకు తప్పుకుని, రోడ్డు దిగి, బురదలో కూరుకుపోయి ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. గరికపాడు అవతలి తెలంగాణా మనిషి, మాటలోనే తెలిసింది.

"ఏందయ్యా నీ బండి! చిల్లకల్లు కాడ్నుంచి చూస్తున్న, ఎనక ఎర్రలైటు బగ్గున మండుతనే ఉన్నది. ఆపుతున్నవేమో అని నేను నాలుగుసార్లు బ్రేకు కొట్టిన. నువ్వు ఆపవు. సరే, గిట్లనే మండుతదేమో అని నేను వస్తుంటే అప్పుడు ఆపుతివి! నీ బ్రేకులైటు చూసి చెప్పెటోడు ఇంట్ల ఎవ్వడు లేడా?"

అతని బండిని గేదెలవాళ్ళతో కలిసి బురదలోంచి తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. జీవితంలో మొదటిసారి ఇంకొకరి బండిని తోశాను. పంచె మోకాళ్ళ దాకా బురద. అతను పోయాక వానలో నిలబడి ఆలోచించాను. ఇలాగే నందిగామ పోతే సంతకం పడదు. సంతకం సంగతి అలా ఉంచినా, ఆ లారీవాడు కాస్త నిద్రమత్తులో ఉండి ఉంటే ఏమయ్యేది? బండిని వెనక్కి తిప్పాను.

షెడ్డు ముందు ఆపేసరికి పది దాటింది. సాయిబు టీ గ్లాసు చేతిలో పట్టుకుని నన్నూ, నా బురదనూ, బండినీ ఒకసారి చూశాడు. గడ్డం నెరిసింది. ఏం కావాలని అడగలేదు, ఎందుకొచ్చారనీ అడగలేదు. నేను, "వెనక దీపం" అని ఆగిపోయాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి, తలమీద గోనెపట్టా కప్పుకుని, వానలోకి వచ్చి బండి వెనక నిలబడ్డాడు.

"ఎక్కండి. లైటెయ్యండి. ఆఁ. ఇప్పుడు బ్రేకు తొక్కండి. తొక్కారా? తొక్కండి మరి."

"తొక్కాను."

"వదలండి... ఊఁ, ఇదా సంగతి!" అని నవ్వాడు. "తోకకి పెట్టాల్సింది తలకీ, తలకి పెట్టాల్సింది తోకకీ పెట్టారండీ. రండి, మీరే చూడండి."

బల్బు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. దానిలో రెండు తీగలుంటాయి, చిన్నది మామూలు దీపానికి, పెద్దది బ్రేకుకు. మొలలు కూడా రెండు, ఒకటి పైన, ఒకటి కాస్త కింద. నేను తలకిందులుగా బలవంతాన ఎక్కించినందువల్ల పెద్ద తీగ ఎప్పుడూ వెలుగుతోంది. బ్రేకు తొక్కితే చిన్నది కలిసినా ఎవరికీ తేడా తెలియదు. ఆయన నేను వంచిన హోల్డరును పట్టకారుతో సరిచేసి, బల్బును సగం చుట్టు తిప్పి పెడితే, గూట్లో ప్రమిద పెట్టినంత తేలిగ్గా వెళ్ళి కూర్చుంది. "ఎక్కనన్నప్పుడు నొక్కకూడదు, తిప్పి చూడాలండీ. మీకు కళ్ళెం పెట్టడం నేర్పినప్పుడు కూడా ఇదే చెప్పా, ఇన్లేదు" అన్నాడు. వైపరు చూసి, "ఇది బెజవాడ నించి తెప్పించారా? మా షాపులో ఉన్నది ఈ బండికొలతే" అని మాత్రం అని, దాన్ని తీసి, తన దగ్గరున్నది బిగించాడు. ఒక పొగాకు కాడ తడిపి అద్దమంతా రుద్ది, "ఎత్తు మీద వైపరు ఆగినా ఇప్పుడు నీళ్ళు జారిపోతాయి. యాక్సిలేటరు మీద కాలు కాస్త వదిలితే అదే మళ్ళా తుడుస్తది" అన్నాడు.

మళ్ళీ వెనకకు వెళ్ళి నిలబడ్డాడు. నేను ఎక్కి బ్రేకు తొక్కాను. ఆయన ముఖం నాకు కనిపించదు, నా ముఖం ఆయనకు కనిపించదు. బహుశా అందుకే కావచ్చు, పదిహేనేళ్ళుగా నోరు దాటని పిలుపు నాకు తెలియకుండానే వచ్చేసింది.

"వెలిగిందా మామా?"

రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే. కాలు పెడలు మీదే పెట్టుకుని కూర్చున్నాను.

"వెలిగింది చిన్నబాబూ."

నేను దిగబోతే, వద్దు, టైమైపోతుందని ఆపాడు. కిటికీ దగ్గరికి వచ్చి, గోనెపట్టా అంచు పట్టుకుని, ఎటో చూస్తూ అన్నాడు: "పెద్దయ్యగారు కబురంపారు. మీరైతే వచ్చారు."

నందిగామ చేరేసరికి ఇన్‌స్పెక్టరు పుస్తకం మూయబోతున్నాడు. నా బురద పంచె చూసి ఏమీ అనకుండా బండి వెనకకు వెళ్ళి తొక్కమన్నాడు. తొక్కాను. వెలిగిందా అని అడగవలసిన పని లేకపోయింది, నాకు తెలుసు. ఆయన ఊఁ అని సంతకం పెట్టాడు. షావుకారు కుర్చీ ఆ తరవాత ఎవరికి వేయించాడో నేను కనుక్కోలేదు.

ఆ బండి ఇంకా తొమ్మిదేళ్ళు తిరిగింది. ప్రతి తొలకరికీ ఆ షెడ్డు ముందు ఆపేవాణ్ణి, ఆయన గోనెపట్టా కప్పుకుని వెనక నిలబడేవాడు. నేను అదే మాట అడిగేవాణ్ణి, ఆయన అదే మాట చెప్పేవాడు. కిటికీలోంచి చూసి దిగిరాని ఆ రోజు సంగతి నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉండవలసింది. చివరి రెండేళ్ళూ ఆయనకు చూపు మందగించింది; అయినా వెనక నిలబడి, వెలిగింది చిన్నబాబూ అనేవాడు, నేను నమ్మేవాణ్ణి. నందిగామ చేరాక మాత్రం, ఆయనకు తెలియకుండా, ఇంకొకరిని చూడమనేవాణ్ణి.

కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు మా మేనల్లుడు దారిలో ఒక షాపు ముందు ఆపి బల్బు మార్పించాడు, వానాకాలం కదా అని వైపర్లు కూడా వేయించాడు. కాఫీ తాగినంత సేపు పట్టలేదు. పసుపుపచ్చ గుర్తు ఆరిపోయింది. అంతే, అయిపోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పటి బండ్లు మంచివి, అబద్ధం చెప్పవు, ఎవరి ముందూ తల వంచనివ్వవు. నా చిన్నతనంలో అలాంటి బండి ఉంటే నేను ఎంత సంతోషించేవాణ్ణో. ఉంటే ఆ షెడ్డు ముందు ఏనాటికీ ఆగేవాణ్ణి కాదు.

అతను షాపువాడితో మాట్లాడి వచ్చి కారెక్కాడు. నేను ఇంకా ఎక్కలేదు, వెనకే ఉన్నాను. స్టార్టు చేస్తూ కాలు బ్రేకు మీద వేసినట్టున్నాడు, రెండు వైపులా ఎర్రగా వెలిగాయి.

"వెలిగింది" అన్నాను.

అద్దాలు ఎత్తి ఉన్నాయి. అతనికి వినిపించలేదు.