ఎర్రదారం వైపు

“ఎర్రదారం పైకే ఉండాదా మే?” అన్నాడు మా బావ.

“ఉండాది లే. మెషీన్ నీళ్లు బావా అవి, తాగు,” అన్నాను.

నవ్వి తాగాడు. ఆలుమగలుగా మా ఇద్దరి చివరి మాటలు అవే. ఆయన పోయినా, పుంగనూరులోని ఈ ఇంట్లో ఫిల్టరు కింద బిందె పెడితే దాని మూతికి పాత పంచెగుడ్డ కట్టందే నా చేయి ఊరుకోదు. ఆ తడిగుడ్డ వాసన తగిలితే చాలు, నిమ్మనపల్లె పక్కన మా పల్లె, దిగుడుబావి మెట్లమీద పిల్లల అరుపులు, కాల్చిన చెనిక్కాయల పొగ, పొయ్యిమీద కుతకుతమనే సంగటి, అన్నీ వచ్చి పక్కన కూర్చుంటాయి.

ఆ బావిలో మోకాళ్లదాకా దిగి నీళ్లు ముంచుకొనేవాళ్లం. నారికురుపు ఆ నీళ్లతోనే వచ్చేది. తాగిన ఏడాదికి కాలిమీద పొక్కు లేచి, పగిలి, తెల్లదారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి, తెగితే కాలు వాచిపోతుంది. పక్కింట్లో ఉండే మా అత్తకొడుకే బావ. గంగజాతరలో పలకడప్పు కొట్టడమంటే ఆయనకు ప్రాణం. సరిగ్గా జాతరకే కురుపు లేచి, మంచంమీద పడి, దూరంగా వినిపించే పలకకు మంచంకోడుమీద వేళ్లతో దరువేసేవాడు.

“ఏం బావా, దారం చుడతాండావే, నాకు రైక కుడతావా?” అనేదాన్ని.

“ముందు నీ నోరు కుడతా, రా మే!”

నీళ్లలో ఉండే కంటికానని పురుగు గుడ్డకు చిక్కుతుందని, గుడ్డ మడిచి నీళ్లు వడగట్టమని ఆరోగ్యశాఖవాళ్లు చెప్పిపోయారు. అత్త ఒక్కపూట మానలేదు. అయినా మరుసటేడు జాతరకు మళ్లీ పొక్కు! ఆ పొక్కు మానకముందే ఒకరోజు అత్త మొదటి బిందె నింపి, గుడ్డమీద మడ్డి కనబడుతోందని, శుభ్రంగా ఉన్న వైపు పైకి తిప్పి రెండో బిందెకు కట్టింది. ఊరంతా చేసేది అదే. నీళ్లు పోయబోయి టక్కున ఆగింది.

“అయ్యో నా కర్మ! పట్టిన పురుగును మళ్లీ బిందెలోకే తోస్తాండాను గదే!”

ఆ పూటే గుడ్డ అంచుకు ఒకవైపు ఎర్రదారం కుట్టింది. ఎప్పుడు కట్టినా ఆ వైపే పైకి. ఇంటింటికీ తిరిగి కుట్టించింది. బావి దగ్గర ఎవరెదురైనా “ఎర్రదారం పైకేనా?” అనడమే పలకరింపైపోయింది.

పై ఏడు జాతరకు పొక్కు లేవలేదు. బావ పలకను మంట దగ్గర కాచి, ఎగిరెగిరి కొట్టాడు. ఊరు పలకను చూస్తుంటే అత్త ఆయన కాళ్లనే చూస్తూ నిలబడింది.

ఇప్పుడా బావి పూడ్చేశారు. నారికురుపంటే ఏమిటని, ఇది రాస్తున్న నా మనవరాలే అడుగుతోంది. పోయినవాటిలో నేను బెంగపడనిది ఆ ఒక్కటే. బావ లేడు, పలక గోడకుంది.

పాపా, దారం ఏ వైపో సరిగ్గా రాశావా? తలకిందులైతే మా అత్త చేసిందంతా వృథా. ఏదీ, మొదటినుంచి సదువు, వింటాను.