ఉమ్మడి గోడకు ఆనించిన స్పీకర్లు

మా అన్నను కొట్టాలని నాకు ఏడాదిగా ఉండేది. చెయ్యెత్తే ధైర్యం లేక స్పీకర్లు కొన్నాను.

ముత్తుకూరులో నాన్న కట్టించిన ఇంటిని మేమిద్దరం నడిమధ్య గోడ పెట్టి పంచుకున్నాం. బోరు ఎవరి వైపు రావాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. అప్పటినుంచి పలకరింపుల్లేవు. అన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. వారం మార్చి వారం రాత్రి డ్యూటీ, ఆ వారమంతా పగటి నిద్ర. నేను థర్మల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్ని.

నెల్లూరులో షాపాయన ముందు మా గది కొలతలు అడిగాడు. తర్వాత, "స్పీకర్లు పెట్టే గోడ అవతల ఎవరుంటారు సార్?" అన్నాడు.

"మా అన్న."

"అయితే ఈ చిన్నవి చాలు. గోడకు జానెడు ఎడంగా పెట్టుకోండి. డప్పుల మోత పెంచే ఈ బేస్ పెట్టె వద్దు. అది మీ గదిలో ఆగదు, గోడలో దూరి పక్కింట్లోకి పోతుంది. గట్టిగా వినాలనిపిస్తే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి."

రెండు రకాలూ వినిపించాడు. చిన్నవాటిలో గొంతు తేటగా, మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టుంది. పెద్దవాటిలో ఆ గొంతే డప్పుల కింద మునిగిపోయింది. ఏది మంచిదో నా చెవులకు తెలిసింది. అయినా పెద్దవే తీసుకున్నాను, బేస్ పెట్టెతో సహా. పక్కింట్లోకి పోతుందన్న మాటే నాకు నచ్చింది.

అన్నకు రాత్రి డ్యూటీ ఉన్న వారం చూసి సెలవు పెట్టాను. అన్నీ ఉమ్మడి గోడకే ఆనించి, పొద్దున పదింటికి మోగించాను. వదిన వచ్చి, "రాత్రంతా క్రేన్ మీదుండి వచ్చినాడయ్యా, కొంచెం తగ్గించు," అంది. తగ్గించాను. ఆమె గడప దాటగానే పెంచాను. మా ఆవిడ స్విచ్ ఆపబోతే ఆమె చేతిని విసిరికొట్టాను.

మూడోరోజు అన్న తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు. చేతిలో గడ్డపార. మా ఆవిడ నా పక్కకు వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"నిద్రపోనీవేందిరా? ఆడ పైన నాకు కునుకు పడితే కింద మనుషులు సస్తారు."

"నా ఇల్లు, నా ఇష్టం. నీకు చేతనైంది చేసుకోపో," అన్నాను.

ఒక్క పోటుకు కుడివైపు స్పీకర్లో గడ్డపార దిగింది. రెండో పోటుకు పెట్టె పగిలి, లోపలి అయస్కాంతపు దిమ్మ నేలమీద పడింది. నేను ఆయన మీద పడ్డాను. ఆయన గడ్డపార వదిలేసి అరచేత్తో నా ఎడమ చెవి మీద కొట్టాడు. లోపల గుడ్డ చినిగినట్టయింది. ఆ వైపు ఇక శబ్దం లేదు. కింద పడ్డవాణ్ణి ఆ దిమ్మను అందుకుని లేచాను. అన్న కుడిచేత్తో ద్వారబంధం పట్టుకుని రొప్పుతున్నాడు. ఆ చేతి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. రెండోసారి కొట్టేటప్పుడు నాకు బాగా తెలుసు, ఆయన క్రేన్ లీవరు పట్టేది ఆ చేత్తోనేనని.

వదిన పరుగెత్తుకొచ్చి నా జుట్టు పట్టి వెనక్కి లాగింది. ద్వారబంధం మీద నెత్తురు జారుతోంది. ఎడమవైపు స్పీకరు ఇంకా పాడుతూనే ఉంది.

ఇద్దర్నీ ఒకే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మధ్యలో వదిన కూర్చుంది. నా చెవిపొర చిరిగింది. ఆయన రెండు వేళ్లు విరిగాయి. మా చర్చి పెద్దలు రాజీ చేశారు. అన్నకు మళ్లీ క్రేన్ ఇవ్వలేదు, గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పనిలో పెట్టారు.

నాలుగు నెలల తర్వాత వదిన వచ్చింది. "ఆయన ఇంకా నిద్రలో ఉలిక్కిపడతా ఉండాడు. నువ్వొకసారి మా మంచం మీద పడుకో. మీవాళ్లను ఆ మిగిలిన పెట్టెలు మోగించమను."

వెళ్లి పడుకున్నాను. అన్న ముక్కాలిపీట మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. అవతల మా ఆవిడ మోగించింది. పాట అనేదే వినిపించలేదు. ఎవరో దుడ్డుకర్రతో గోడను బాదుతున్నట్టు దెబ్బలు మాత్రమే. మంచం పట్టె వణికి, ఆ వణుకు నా దవడ ఎముకలోకి ఎక్కింది. వినపడని చెవి వైపు కూడా తెలిసింది. ఐదు నిమిషాలకు లేచి కూర్చున్నాను.

"మూడు రోజులురా," అన్నాడు అన్న. "ఆ గడ్డపార నీలో దించాలనే వచ్చినా. నీ పెళ్లాం కనపడి పెట్టెలో దించినా."

"నేనూ చేతిని చూసే కొట్టినానన్నా."

క్షమించమని ఇద్దరం అడగలేదు.

ఆ వారమే పెట్టెలన్నీ తీసేసి, మొదటి షాపాయనకు ముఖం చూపించలేక, హెడ్‌ఫోన్ల కోసం వేరే షాపుకు పోయాను. బిగుతువి పెట్టుకుంటే పాత గాయం సలిపింది. మెత్తటి దూది మెత్తలవి ఆగాయి కానీ పాటలో సగమే వినిపించింది. అమ్మే అమ్మాయి ఫోన్లో ఏదో మార్చి రెండు వైపుల శబ్దాన్నీ కుడివైపుకే తెచ్చింది. అవే తీసుకున్నాను.

ఇప్పుడు అన్నా నేనూ అవసరమైనంత మాట్లాడుకుంటాం. ఆదివారాలు వదిన భోజనానికి పిలుస్తుంది. అన్నం కలిపేటప్పుడు ఆయన వేళ్లు రెండూ ముడుచుకోవు. నేను చూస్తే కంచం అటువైపు తిప్పుకుంటాడు.