అత్తయ్య జడలో మూడో పాయ

ఆ రోజుల్లో, అంటే మా అమలాపురంలో ఆడపిల్ల సైన్సు గ్రూపు తీసుకోవడమే విడ్డూరమైన కాలంలో, చదివినదంతా అర్థమైపోయిందనే ధీమా ఒకటి నాకుండేది. డిగ్రీ రెండో ఏడు, కాలేజీ ఎగ్జిబిషన్‌కి డీఎన్ఏ నమూనా చేస్తానని అందరికంటే ముందు చెయ్యెత్తాను. మెలితిరిగిన నిచ్చెనే కదా, కొబ్బరితాడు ఉండగా భయమెందుకనుకున్నాను. తాడు నా మాట వినలేదు. మెలిపెట్టి వదలగానే గిర్రున వెనక్కి తిరిగి, మెట్లుగా గుచ్చిన ఈనెపుల్లల్ని (వాటికోసం కొత్త చీపురొకటి బలైంది) నా మొహాన కొట్టేది.

ఏడుపుమొహంతో కూర్చున్న నన్ను చూసి మా మేనత్త తలుపు గడియ పెట్టింది. మోకాళ్లదాకా ఊగే ఆవిడ జడంటే వీధి మొత్తానికీ గొప్ప. ఆ జడలో ముప్పాతిక భాగం ఊడదీసి నా ఒళ్లో పెట్టింది. సవరం! ఎవరితోనూ అననని ఒట్టు వేయించుకుంది. నిచ్చెనకి అటొక పాయ, ఇటొక పాయ, మధ్యన పుల్లలు అని చెప్పి నేను స్నానం చేసి వచ్చేసరికి, ఆవిడ చేతులు అలవాటుకొద్దీ మూడు పాయలూ కలిపి నున్నగా అల్లేసి, అందానికి కనకాంబరాలు కూడా తురిమాయి. విప్పే టైము లేదు. ఎవరు లెక్కపెడతారులే అని పట్టుకుపోయాను.

మా లెక్చరరు గారు లెక్కపెట్టారు. ఉండాల్సినవి రెండే కదా, మూడోది ఎక్కణ్ణించి వచ్చిందన్నారు. ఈ జుట్టు ఏ నాటకాలవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చావనేసరికి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లలో సగం మా వీధి ఆడవాళ్లే. ఒట్టు వేశాను కాబట్టి నోరు విప్పలేదు, కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

తలమీద కొంగు కప్పుకుని వెనకాల నిలబడ్డ అత్తయ్య ముందుకొచ్చి, ఆ కొంగు తీసేసింది. నిమ్మకాయంత ముడి.

"అద్దెది కాదండీ, నాదేనండి. మూడో పాయ కూడా నేనే కలిపేనండి, రెండిటితో జడ నిలవదనుకుని. పిల్లకంతా తెలుసండి, అడిగి చూడండి."

ఎవరూ నవ్వలేదు. "ఆయ్, అలాగేనండి" అని లెక్చరరు గారు అడిగారు, నేను గడగడా చెప్పాను. ప్రైజు మాత్రం రాలేదు. మర్నాడు అత్తయ్య మళ్లీ మోకాళ్లదాకా జడ వేసుకునే బజారుకు వెళ్లింది. వీధిలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నా జుట్టూ పల్చబడింది. దాందేముందని పైకి అంటూనే, ఎవరైనా ఫోటో తీస్తామంటే గబుక్కున కొంగు తలమీదికి లాక్కుంటాను. ఎవరికోసం తీయాలి ఆ కొంగు? నాకంత ముద్దొచ్చే మేనకోడలు లేదు మరి.