బండలు దిగేలోపు ఒక స్ప్రింక్లర్

నంద్యాలలో మా ఇంటి ముందు రెండు సెంట్ల ఖాళీ జాగా ఉంది. ఇల్లు కట్టినప్పుడే మేస్త్రీ మొదలు మా ఆడపడుచు దాకా అందరూ అక్కడ నాపబండలు పరిపించమన్నారు. కసువు ఊడ్చుకోవడానికి సులువట, పాములు రావట. నేను వినలేదు. మల్లె, కనకాంబరం, నాలుగు వంగమొక్కలు, గోంగూర, మూలకు ఒక నిమ్మచెట్టు పెట్టుకున్నాను. మా నాయన ఆళ్లగడ్డ పక్క పల్లెలో బతికినన్నాళ్లూ ఎవరెవరి చేలకో నీళ్లు కట్టాడు. తనకంటూ గోరంత నేల లేకుండానే పోయాడు. నేను బడిపంతులమ్మగా చేరి, జీతం కూడబెట్టి కొన్న ఈ జాగాయే మా ఇంటివాళ్లకు మొట్టమొదటి సొంత నేల. దాన్ని తీసుకెళ్లి బండ కింద పెట్టమంటే ఒళ్లు మండదా?

అయితే పోయిన చలికాలంలో ఆ నేలే నన్ను పడేసింది. మాది నల్లరేగడి. ఎండితే కాలు పట్టేంత నెర్రెలు, తడిస్తే నూనె పోసినట్టు జారుడు. రెండు చేతుల్లో రెండు బకెట్లతో నిమ్మచెట్టు వైపు పోతూ వెల్లకిలా పడ్డాను. నడుములో డిస్కు పక్కకు జరిగింది. చాలా రోజులు మంచం దిగలేదు. బరువులెత్తితే ఈసారి ఆపరేషనే అని డాక్టరు చెప్పాడు.

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట కూడా టికెట్టు చింపి ఇచ్చినట్టే ఉంటుంది, అంతకు మించి ఒక్క ముక్క రాదు. నేను లేచి నడిచిన రోజే తేల్చేశాడు.

"బురదలో కాలు పెట్టకుండా నీళ్లు పెట్టగలిగితే పెట్టుకో. ల్యాకుంటే ఎండాకాలం సెలవులియ్యంగానే బండలు దిగుతాయి."

సరే, చూద్దామనుకున్నాను. పైపు పట్టుకుంటే పని జరగదు, మూల దాకా లాగాలంటే బురదలో దిగాల్సిందే. మిగిలింది స్ప్రింక్లర్ ఒక్కటే.

మావైపు స్ప్రింక్లర్ అంటే జనానికి ఒకటే తెలుసు, శనగచేలో టకటకమని తిరిగేది. ఆళ్లగడ్డ దగ్గర కౌలుకు శనగ వేసే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పానో లేదో, మరుసటి ఆదివారమే గోనెసంచిలో దాన్ని చుట్టుకుని బస్సు దిగాడు. ఇత్తడి తల, మనిషి ఎత్తు ఇనుప పైపు. అక్కకు కొత్తది కొనే ఖర్మ ఎందుకని వాడి ధీమా. మా ఆయన కూడా హుషారుగా చేయి వేశాడు. బావా బావమరుదులిద్దరూ కలిసి దాన్ని బోరుమోటరుకు తగిలించారు. పంటచేను తప్ప వేరే లెక్క తెలియని జాతి మాది, రెండు సెంట్లకు అది ఎంత దూరం కొడుతుందో ముగ్గురిలో ఒక్కరమూ ఆలోచించలేదు.

మోటరు వేయగానే ఇంట్లో వాన. కిటికీలోంచి మంచం తడిసింది. మల్లెమొగ్గలు రాలి నేలంతా తెల్లబడింది. నీళ్లు గోడ దాటి పక్కింటి మిద్దె మీదికి పోయాయి. అక్కడ పక్కింటామె వడియాలు పెట్టుకుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అదే. కాసేపటికి ఆమె చాప పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. వడియాలు మళ్లీ పిండైపోయిన చాపను నాకు చూపించి నిలబడింది, అంతే. తిట్టినా బాగుండేది. ఆ వారమంతా కుర్చీలో కూర్చుని ఆమెకు వడియాలు పెట్టిచ్చాను.

రెండోసారి నంద్యాల బజారులో కొన్నాను. మూడు రెక్కలది, ఎర్రగా ముద్దుగా ఉంది. తిప్పి చూపించమంటే అంగడివాడు నీళ్లు లేవన్నాడు. మళ్లీ మోటరు జోలికి పోకుండా ట్యాంకు కొళాయికి తగిలించాను. మా ట్యాంకు ఒక్క అంతస్తు మిద్దె మీద ఉంటుంది, నీళ్లకు ఊపు ఉండదు. అది తిరగలేదు. మూడు మూలలా చొంగ కార్చింది. మా ఆయన వరండాలో నుంచే పొడుగాటి కర్రతో ఒక రెక్కను తోశాడు. ఒక చుట్టు తిరిగి ఆగింది.

"తోస్తే గానీ కదలని బండ్లు నా సర్వీసులో చానా చూసినాలే," అన్నాడు.

నవ్వలేదు నేను. వంటింట్లోకి పోయి ఏడ్చాను. నడుమునొప్పికి రాని ఏడుపు ఆ ఎర్ర ప్లాస్టిక్కుకు వచ్చింది. సెలవులు దగ్గరికొస్తున్నాయి, ఆయన మేస్త్రీతో మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. మొక్కలు అప్పటికే వాడుతున్నాయి. ఏడ్చి ముఖం కడుక్కున్నాక పట్టుదల వచ్చింది. వాళ్లూ వీళ్లూ తెచ్చిందీ, అంగడివాడు అంటగట్టిందీ కాదు, నా జాగాకు ఏం కావాలో ముందు నేను చూడాలి అనుకున్నాను.

మా ఇంట్లో చర్చిలో అందరం కలిసి తినే ప్రేమవిందుకు వాడే స్టీలు గ్లాసులు బుట్టెడు ఉంటాయి. నేల పొడిగా ఉన్న పూట వాటిని జాగా అంతటా వరసగా పెట్టాను. ఆ మూడు రెక్కలదాన్ని నడిమధ్య ఉంచి కొళాయి తిప్పాను. ఆపాక చూస్తే దాని పక్క గ్లాసులు పొర్లుతున్నాయి, గోడవార గ్లాసుల్లో చుక్క లేదు. పక్కింటామె మిద్దె మీద నుంచి చూసి, గ్లాసులకు నీళ్లు పెడుతున్నావా, మొలుస్తాయా అని ఎగతాళి చేసింది. నాకు మాత్రం సంగతి అర్థమైంది. మా నీళ్లు దూరం పోవు. కాబట్టి ఒక పెద్దదానితో పని కాదు, దగ్గర్లో చల్లే చిన్నవి చాలా కావాలి. జాగా అంతటికీ ఒకేసారి ఊపు చాలదు, సగం సగం పెట్టాలి.

అలాంటివి ఊరి బయట ఒక నర్సరీలో చూశాను. బొటనవేలంత చక్రం, నేలలో గుచ్చే పుల్ల, సన్నటి గొట్టం. ఈసారి మాటలు నమ్మలేదు. వాళ్ల ట్యాంకు మా మిద్దె ఎత్తే ఉందని చూసుకుని, తిప్పించుకుని, చీర తడిసిందాకా నిలబడి, అప్పుడు అంగటికి పోయాను. ఎర్రదాన్ని వెనక్కి తీసుకుని ఈ చిన్నవి ఇచ్చిందాకా అక్కడి నుంచి కదలలేదు.

తమ్ముడే మళ్లీ వచ్చి బిగించాడు. వరండా మెట్టు దగ్గర రెండు వాల్వులు, ఒక్కోటి సగం జాగాకు. సెలవులిచ్చిన మొదటి శనివారం పొద్దున్నే పని అయిపోయింది. నేను మెట్టు మీద కూర్చుని మొదటి వాల్వు తిప్పబోతుండగా గేటు ముందు ట్రాక్టరు ఆగింది. బండలు. వెనకే మేస్త్రీ. వాళ్లకు గేటు తీసింది మా ఆయనే.

నేను వాల్వులు రెండూ తిప్పేశాను. ఊపు తగ్గినా చక్రాలన్నీ తిరిగాయి. నీళ్లు ఆపితే బండలు దింపుతామన్నాడు మేస్త్రీ. ఆపనన్నాను. గోడవార ఒక పుల్ల ఒరిగి నీళ్లన్నీ గోడకు కొడుతున్నాయి. అది చూసి మా ఆయన చెప్పులు విడిచి బురదలోకి దిగాడు. ఆపేస్తాడనే అనుకున్నాను. పుల్లను నిలబెట్టి, మడమతో తొక్కి, తిరిగి రాబోతూ సర్రున జారాడు.

"పడతావప్పా!" అని అరిచాను. పదిమందిలో ఎప్పుడూ మీరు తప్ప అనని దాన్ని.

ఆయన నిమ్మకొమ్మ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆ కొమ్మ వదలకుండానే నా వైపు చూశాడు.

"ఇట్లుంటాది చూసేవానికి. ఆ పొద్దు నిన్ను పిల్చినా, పిల్చినా, నువ్వు పలకల్యా. పోయినావనుకుంటి."

ఇన్ని నెలలూ ఆయన ఆ సంగతి నాతో అనలేదు. బండల మీద మోజని నేను కోపం పెంచుకుంటూ వచ్చాను. ఆయనది భయం. నాకప్పుడు ఏడుపు రాలేదు గానీ, చేయి తనంతట తానే పోయి వాల్వులు కట్టేసింది.

మేస్త్రీని పిలిచి చెప్పాను. మెట్టు నుంచి గోడ దాకా మనిషి నడిచేంత దారి వెయ్యి, పైన గరుకుగా ఉండే బండలే చూసి వెయ్యి, ఒక్క మొక్క కదిలినా ఊరుకోను, మిగతావన్నీ వెనక్కి తీసుకుపో. మా ఆయన అడ్డు చెప్పలేదు. మేస్త్రీ తల గోక్కున్నాడు.

"నీళ్లు మెట్టు కాడ కూచ్చునే పెడతాండావు కదమ్మా. దారి ఎవరికి?"

"ఆయనకు," అన్నాను. "పుల్లలు రోజూ ఒరుగుతాయి."