ఎడమకాళ్ల అలమర

మా అత్త చెప్పుల సంగతి ఎత్తి ఎవరైనా నవ్వితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నవ్వినవాళ్ల మీద, సగం నా మీద.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. బజారులో ఉన్న పెద్ద చెప్పుల దుకాణంలో పని. నేను చెప్పబోయే ఈ గొడవ నాటికి ఇరవై మూడేళ్లుగా అక్కడే ఉంది. గల్లాపెట్టె దగ్గర కాదు, కింద. వచ్చినవాళ్లు మెత్తటి కుర్చీలో కూర్చుంటే, అత్త వాళ్ల ఎదురుగా జానెడు ఎత్తు పీట మీద కూర్చుంటుంది. వాళ్ల కాలు ఒళ్లో పెట్టుకుని, చెప్పు తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూసి, "ఇది పట్టేస్తుందమ్మా, ఒక నంబరు పెద్దది తెస్తానుండండి" అంటుంది. మేజోడు చిరిగినవాళ్లు, మడమ పగిలినవాళ్లు, కాలు కడుక్కోకుండా వచ్చినవాళ్లు, అందరి పాదాలూ ఆ ఒళ్లోకే. కాలు చూసి మనిషిని చెప్పేస్తుందని దుకాణంలో పేరు. ఆమె కాలు మాత్రం ఎవరూ చూడలేదు.

పీట మీద కూర్చునేటప్పుడు కుడి మోకాలు పైకి ఉంటుంది. ఎడమకాలు వేళ్ల మీద మడిచి కింద పెట్టుకోవాలి. ఇరవై మూడేళ్లు అలా కూర్చునేసరికి ఎడమ బొటనవేలు పక్కకి ఒరిగిపోయి, దాని మొదట్లో ఎముక గోలీకాయంత పొడుచుకొచ్చింది. ఊరందరి కాళ్లకీ చెప్పులు సరిపెట్టే మనిషికి ఆ దుకాణంలో సరిపోయే జత ఒక్కటి లేదు. యజమానికి ఈ సంగతి చెబితే, "మీకేం, దుకాణం అంతా మీదేగా, వెతుక్కోండి" అని పళ్లికిలించాడట. ఆ పళ్లు రాలగొట్టాలనిపిస్తుంది నాకు.

అయినా అత్తకి చెప్పులంటే ప్రాణం. రోజూ పనికి ఈడ్చుకెళ్లే అరిగిన రబ్బరు చెప్పులు కాక, మొత్తం ఇరవై రెండు జతలు. మొదటి జీతంతో కొన్న నల్ల బూట్లు, మడమ విరిగితే రెండుసార్లు కొత్త మడమ వేయించిన గోధుమరంగువి, వానలో ఒక్కసారి కూడా తడవనివ్వని తెల్ల గుడ్డబూట్లు, అసలు బయటికే తీయని సన్న పట్టీలవి. ప్రతి జతలోనూ ఎడమదాన్ని మాత్రం కాలి ఆకారపు కర్ర అచ్చు దూర్చి, తడిగుడ్డ చుట్టి, వారాల తరబడి సాగదీసేది. తన ఎముకకి చోటు దొరికేదాకా వదిలేది కాదు.

వాటన్నిటిలోకీ ముద్దుబిడ్డ ఒకటుంది. ఆకుపచ్చ తోలు బూట్లు, పొట్టి మడమ, పక్కన చిన్న గుండీ. దుకాణం వెనకాల మరమ్మతు బల్ల దగ్గర కూర్చునే ముసలాయన చేసిచ్చాడు. అందరూ ఆయన్ని కుట్టుతాత అనేవాళ్లు. ఆయన మా అత్త ఎడమపాదాన్ని కాగితం మీద నిలబెట్టి గీత గీసి, ఆ ఎముక కోసం ప్రత్యేకంగా బుడిపె ఉన్న అచ్చు చెక్కి, దాని మీద తోలు లాగి కుట్టాడు. కుడిది మామూలు బూటు. ఎడమది మాత్రం లోకంలో ఆ ఒక్క కాలికే సరిపోయేది. ఆ తర్వాత ఏడాదికి కుట్టుతాత చేతులు వణకడం మొదలై పని మానేశాడు. సెలవు రోజున అత్త ఆ బూట్లు వేసుకుని ఊరికే నాలుగు వీధులు తిరిగొచ్చేది. నొప్పి లేకుండా నడవడం అంటే ఏమిటో ఆ నాలుగు వీధుల్లోనే తెలుస్తుందనేది.

మాది రెండు గదుల ఇల్లు. నాన్న, అమ్మ, అత్త, నేను. అత్తకి దక్కినవి రెండే రెండు చోట్లు. ఒకటి గుమ్మం పక్కన కరెంటు మీటరు కింద ఉన్న చిన్న గోడ అలమర. రెండోది మేడమెట్ల కింద తలుపున్న గూడు. రెండూ కలిపినా ఇరవై రెండు జతలు పట్టవు. ఎవరైనా పట్టవనే అంటారు. అత్త పట్టించింది.

"జతగా పెడితే రెండూ ఎదురెదురుగా పొట్టలు ఉబ్బించుకుని కూర్చుంటాయే బుజ్జీ. అన్నీ ఒకే కాలివి పెట్టావనుకో, ఒకదాని వంపులో ఒకటి ఒదిగిపోతాయి. చూడు కావాలంటే."

దుకాణంలో ఎలాగూ అదే పద్ధతి. కుడికాలివి బయట అద్దాల అరల్లో, ఎడమకాలివి లోపల డబ్బాల్లో ఉంటాయి. ఒంటిది ఎవడూ దొంగిలించడు కదా. అత్త అదే ఇంటికి తెచ్చింది. ఎడమవన్నీ మీటరు అలమరలో, కుడివన్నీ మెట్ల కింద గూట్లో. ఎనిమిదేళ్లప్పుడు నేనే ఒక్కొక్కటీ అందించాను. కళ్లు మూసుకుని చేత్తో తడిమి ఎడమో కుడో చెప్పడం మా ఆట. నేనెప్పుడూ తప్పు చెప్పలేదు.

అమ్మకీ నాన్నకీ ఈ పద్ధతి తెలియదు. రోజుకి పదిసార్లు ఆ అలమర ముందు నుంచి నడిచేవాళ్లు, ఒక్కసారి సరిగ్గా చూసిన పాపాన పోలేదు. చూడకపోయినా నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఒకే హాస్యం ఆడేవాడు. "మా చెల్లెలికి పెళ్లికి జోడు దొరకలేదు గానీ, చెప్పుల జోళ్లు ఇరవై రెండున్నాయి!" వచ్చినవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. అత్త మంచినీళ్ల గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. నేనూ నవ్వేదాన్ని. చిన్నతనం అని తప్పించుకోలేను, పద్దెనిమిది నిండిన తర్వాత కూడా నవ్వాను.

ఆ ఏడాది నేను కాలేజీలో చేరాను. పుస్తకాలు పెట్టుకోవడానికి చోటు లేదని రోజూ నాన్న చెవిలో పోరు పెట్టాను. సరిగ్గా అప్పుడే, వరదలో ఇళ్లు మునిగినవాళ్ల కోసం నాన్న ఆఫీసులో పాత బట్టలూ చెప్పులూ పోగుచేస్తున్నారు. ఎవరు ఎక్కువ తెస్తే వాళ్లతో పై అధికారి ఫొటో దిగుతాడట. నాన్న కళ్లు మీటరు అలమర మీద పడ్డాయి.

ఆదివారం. దుకాణంలో రద్దీ రోజు, అత్తకి సెలవు లేదు. నాన్న గోనెసంచి తెచ్చాడు.

"ఈ అలమరలోవి తీసేస్తాను. మెట్ల కిందవి ఉంచుతాను. సగానికి సగం. ఇంతకన్నా న్యాయం ఏముంది?" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి, "కాలికి వేసుకునేవాటిని నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది. తీసేయండి, పీడా పోతుంది" అంది.

"ఇక్కడ నీ పుస్తకాలు పెట్టుకో బుజ్జీ. ఇదిగో, సంచి మూతి పట్టుకో" అన్నాడు నాన్న.

పట్టుకున్నాను. "జతలు ఆఫీసులో కడతారులే" అంటూ నాన్న చేతికందినవి అందినట్టు వేశాడు. నల్లది పడింది. గోధుమరంగుది పడింది. నా కళ్లముందే ఒక్కొక్క ఎడమకాలూ లోపలికి పోయింది. ఆకుపచ్చది చేతిలోకి తీసుకున్నప్పుడు నాన్న దాని బుడిపె చూసి, "ఇదేంటి, వంకరగా ఉంది" అని విసిరాడు. "నాన్నా, ఇవన్నీ ఎడమవే" అంటే చాలు, మూడు మాటలు. అనలేదు. అంటే అలమర పోతుంది. నోరు మూసుకుని సంచి మూతి ఇంకా వెడల్పుగా పట్టుకున్నాను. నాన్న వెళ్లగానే అలమర తుడిచి పుస్తకాలు సర్దేశాను.

సాయంత్రం నాన్న అగ్గి మీద గుగ్గిలమై వచ్చాడు. వచ్చినవన్నీ సర్దడానికి ఆదివారమైనా తెరిచిన ఆఫీసు హాల్లో, జతలు కట్టడానికి సంచి బోర్లించారట. ఇరవై రెండూ ఎడమకాళ్లే! అందరూ పడీపడీ నవ్వారట. "కుడికాళ్లు వచ్చే వరదకి ఇస్తారా సార్?" అన్నాడట ఎవడో. నాన్నకి తల కొట్టేసినట్టయి, సంచి తీసుకెళ్లి బయట నిలబడిన చెత్తబండిలో పడేసి వచ్చాడు.

కాసేపటికి అత్త వచ్చింది. ఇంకా గుమ్మం దాటలేదు, నాన్న విరుచుకుపడ్డాడు.

"నలుగురిలో నా పరువు తీశావు కదే! ఎడమవన్నీ ఒకచోట పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటారా? బుద్ధుందా నీకు?"

"ఏం మాట్లాడుతున్నావన్నయ్యా?" అంటూ అత్త అలమర తెరిచింది. నా పుస్తకాలు కనిపించాయి. వాటి వెనకాల చేత్తో తడిమి, "ఎక్కడున్నాయి అవి?" అంది.

"చెత్తబండిలో."

అత్త కొంగు దోపుకుని వీధిలోకి పరిగెత్తింది. కుంటుతూ పరిగెత్తింది. బండి వెళ్లిపోయి చాలాసేపయింది. తిరిగొచ్చేసరికి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"అంత ఏడుపు దేనికి? సగం ఉంచాను కదా! మెట్ల కిందవి ముట్టుకున్నానా?" అన్నాడు నాన్న.

"సగమా? ఏ సగం ఉంచావు? ఒంటికాలితో గెంతమంటావా?" అత్త గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు.

"చెప్పుల కోసం ఇంత రాద్ధాంతం ఎందుకు?" అంది అమ్మ.

"చెప్పులు కాదు వదినా. నా కాలు తీసుకెళ్లి చెత్తలో పడేశాడు. ఇరవై మూడేళ్లు కనబడ్డవాళ్ల కాళ్లన్నీ ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్కరోజు, ఒక్కరోజైనా నా కాలెలా ఉందో చూశారా మీరు? నేను లేని రోజు చూసి తీశారే, అడిగితే నోరు పడిపోతుందా?" అప్పుడు నా వైపు తిరిగింది. "సంచిలో వేసేటప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావా బుజ్జీ?"

"ఉన్నానత్తా."

అత్త నా ముందు నుంచి వెళ్లిపోయింది. మెట్ల కింద గూటి ముందు కూర్చుని ఆకుపచ్చ కుడిబూటు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న అమ్మ కేక పెట్టింది. అత్త తెల్లవారగానే దుకాణానికి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర నాన్న బూట్లలో కుడిది మాత్రమే ఉంది. అమ్మ చెప్పుల్లో కుడిది. నా తెల్లబూట్లలో కుడిది. ఇల్లంతా గాలించాం. చివరికి స్నానాలగది చెప్పులు కూడా కుడివే మిగిలాయి. ఆ రోజే ఆఫీసుకి పైవాళ్లు తనిఖీకి వస్తున్నారు. నాన్న పళ్లు నూరుతూ మేడమీద వాటాలో ఉండే ఆయన చెప్పులు అడిగి తెచ్చుకున్నాడు. అవి రెండు నంబర్లు చిన్నవి, మడమలు నేలకి రాసుకుంటున్నాయి. "రావే, దీని సంగతేంటో తేలుద్దాం!" అన్నాడు. నేను ఉత్తికాళ్లతో వెనకాల నడిచాను. ఎండకి రోడ్డు కాలింది. కాలితే కాలనీ అనుకున్నాను.

దుకాణం అప్పుడే తెరిచారు. అత్త పీట మీద కూర్చుని ఉంది. పక్కన గుడ్డసంచి.

"ఎక్కడే నా బూటు?" అని నాన్న అరిచాడు. దుకాణంలో అందరూ తలలు తిప్పారు.

"కూర్చో అన్నయ్యా" అంది అత్త, అందరితో అనే గొంతుతోనే. నాన్న నిలబడే ఉన్నాడు. "తనిఖీకి టైమవుతుంది. కూర్చో."

కూర్చున్నాడు. అత్త ఆయన ఎడమకాలు ఒళ్లోకి తీసుకుంది. ఇరుకు చెప్పు తీసేసి, ఒరుసుకుపోయిన మడమని చూసి, సంచిలోంచి ఆయన బూటు తీసి తొడిగింది. బొటనవేలి దగ్గర నొక్కి చూసింది, అలవాటు కొద్దీ. తాడు మాత్రం కట్టలేదు.

నాన్న తాడు కట్టుకోవడానికి వంగాడు. వంగినప్పుడు ఆమె పాదాలు కనిపించాయి. కుడికాలికి ఆకుపచ్చ బూటు. ఎడమకాలికి ఏమీ లేదు. వంకరతిరిగిన వేలు, పొడుచుకొచ్చిన ఎముక, దాని మీద ఎర్రగా లేచిన చర్మం. ముఖానికి అంత దగ్గరగా చూడటం ఆయనకి అదే మొదటిసారి.

"ఇదేంటే, కాలు ఇలా..." అన్నాడు.

"ఇదే మిగిలిన సగం" అంది అత్త.

నాన్న తాడు మూడుసార్లు తప్పుగా ముడివేసి విప్పాడు. తర్వాత లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేడమీద ఆయన చెప్పు. ఆ రోజు నుంచి జోళ్ల హాస్యం మా ఇంట్లో మళ్లీ వినబడలేదు. అత్త కూడా మళ్లీ ఆ ఇంట్లో ఉండలేదు. దుకాణంలో పనిచేసే ఇంకొకామెతో కలిసి గది తీసుకుని, మెట్ల కింద గూడు ఖాళీ చేసుకుని వెళ్లిపోయింది. నాన్న రెండుసార్లు వెళ్లి పిలిచాడు, రాలేదు. రావాలని నేనూ అనను.

ఆ పొద్దున దుకాణంలో నేను మాత్రం ఇంకా నిలబడే ఉన్నాను. అత్త సంచిలోంచి అమ్మ చెప్పు తీసి నా చేతిలో పెట్టింది. స్నానాలగది చెప్పు కూడా ఇచ్చింది. సంచిలో ఇంకొకటి ఉంది, నా తెల్లబూటు కొస కనిపిస్తోంది.

"అత్తా, నాది?"

"నీది ఇవ్వను."

"అత్తా..."

"అన్నయ్యకి తెలీదు. వదినకి తెలీదు. వాళ్ల మీద అరిచాను, అయిపోయింది." సంచి మూతి ముడివేసి పీట కిందకి తోసింది. "నీకు తెలుసు."

అంతలో ఎవరో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అత్త వాళ్ల కాలు ఒళ్లోకి తీసుకుంది.

మీటరు అలమర ఇప్పుడు నాదే. పుస్తకాలు ఆ రోజే తీసి మంచం కిందకి నెట్టేశాను. లోపల నా కుడికాలి తెల్లబూటు ఒక్కటే ఉంది.