మంచు లేని ఊళ్ళో జెండా గాలాలు

నాగేంద్రబాబుది అంతర్వేది దగ్గర వలలు వేసే కుటుంబం. గాలం పట్టుకునేవాళ్ళంటే ఆ ఇంట్లో చిన్నచూపు. ఒక్క చేప కోసం పూటంతా కూర్చోవడం పనిలేనివాళ్ళ పని అనేవాడు తండ్రి. ఆ ఇంటి నుంచి దుబాయ్ వచ్చి, అక్కడి డేరా అనే పేటలో గాలాలు అమ్మే దుకాణంలోనే పనికి కుదిరాడతను. తండ్రికి మాత్రం సముద్రం సామాన్ల షాపని చెప్పాడు. అబద్ధమేమీ కాదు.

షాపు యజమాని ఆసిమ్ సేఠ్‌ది కరాచీ. ఏళ్ళ తరబడి విని విని ఆయన ఉర్దూ నాగేంద్రబాబు చెవికి తెలుగులాగే పడేది. 2023లో చలికాలం ముందు ఆయన ఫోనులో ఏవో బొమ్మలు చూపించి, "బాబూ, సముద్రం మనిషివి. ఈసారి కొత్త మాల్ ఏం తెప్పించాలో నువ్వే చెప్పు" అన్నాడు.

బొమ్మల్లో ఒకచోట ఎర్రజెండా కనిపించింది. అంతర్వేది వైపు వల వేశాక, దాని కొస ఎక్కడుందో తెలియడానికి తేలే డబ్బాకి వెదురుకర్ర కట్టి, పైన జెండా ఎగరేస్తారు. నాగేంద్రబాబు మిగతా బొమ్మ చూడలేదు. "ఇది తెప్పించండి సేఠ్. బోటున్న ప్రతివాడూ కొంటాడు" అన్నాడు.

పెట్టె వచ్చింది. విప్పితే అడ్డంగా బిగించిన రెండు చెక్కలు, కింద నీళ్ళలో మునిగే దారం చుట్ట, దారం కొసన గాలం, పైన వంచి పెట్టిన ఇనుప పట్టీ, దాని చివర జెండా. చేప ఎర పట్టి దారం లాగితే చుట్ట తిరుగుతుంది, పట్టీ వదులై జెండా పైకి లేస్తుంది. అట్టడబ్బా మీద బొచ్చుటోపీ పెట్టుకున్న మనిషొకడు తెల్లటి నేల మీద, చిన్న గొయ్యి పక్కన కూర్చున్నాడు.

"ఇతను ఎక్కడ కూర్చున్నాడు?" అన్నాడు సేఠ్.

"నీళ్ళ మీదేనండి. గడ్డకట్టిన నీళ్ళు."

"మన సముద్రం ఎప్పుడు గడ్డకడుతుంది?"

నాగేంద్రబాబు కాసేపు నిజంగానే ఆలోచించాడు. "కట్టదండి" అన్నాడు.

సేఠ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "వచ్చే నెలకి ఇవి కదలకపోతే నువ్వు అల్ కుసైస్ గోడౌన్‌కి కదులు. అక్కడ ఎంచుకునే పని ఉండదు" అన్నాడు.

గోడౌన్‌లో పనిచేసేవాళ్ళు ఆ పక్క లేబర్ క్యాంపులోనే ఉండాలి. క్యాంపులో మగవాళ్ళే ఉంటారు. ఇప్పుడు అతనూ భార్య దేవీ డేరాలోనే, నైఫ్ అనే వాడలో ఒక పార్టిషన్‌లో ఉంటున్నారు. గదికి ప్లైవుడ్ అడ్డం కొట్టిన ముక్క అది. ఒకరు నిలబడాలంటే రెండోవాళ్ళు మంచం మీదికి కాళ్ళు ఎత్తుకోవాలి. డేరాలో ఒక డాక్టరుగారింట్లో పని ముగించుకుని దేవి సాయంత్రానికి అక్కడికే వస్తుంది. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఫోనులోనే కాపురం చేసిన మనుషులకి ఆ ప్లైవుడ్ చిన్న విషయం కాదు. అతను క్యాంపుకి పోతే ఆమె ఆడవాళ్ళ గదిలో అద్దె మంచానికి, కాపురం మళ్ళీ ఫోనులోకి పోవాల్సిందే.

"ఇవి పనిచేస్తాయని మీ కళ్ళకి చూపిస్తాను సేఠ్. ఒక్క ఆదివారం రండి" అన్నాడు నాగేంద్రబాబు. సేఠ్ నెలాఖరు ఆదివారం వస్తానన్నాడు.

ఈలోగా భార్యాభర్తలు మమ్‌జార్ ఒడ్డున, చేపలు పట్టుకోనిచ్చే చోట, రాళ్ళ కట్ట మీద సాధన మొదలుపెట్టారు. మంచులో గొయ్యికి బదులు రెండు రాళ్ళ మధ్య సందు దొరికింది. చెక్కలు సందు మీద అడ్డంగా పెట్టి, గాలానికి రొయ్య గుచ్చి వదిలారు. జెండా లేచింది. నాగేంద్రబాబు ఎగిరి దారం మీద పడి, రెండు చేతులా వల లాగినట్టు లాగాడు. రొయ్య సగం వచ్చింది. చేప రాలేదు. మళ్ళీ లేచింది. మళ్ళీ అలాగే లాగాడు.

"మావా, అది వల కాదు. నోట్లో పెట్టుకోకుండానే కంచం లాగేత్తే ఎవడు తింటాడు? దాన్ని కాస్త నమలనీ, తిరగనీ" అంది దేవి.

"తెలుసే. చేతులు ఆగట్లేదు."

"ఆగకపోతే వాటికి వేరే పని పెట్టు." ఆమె సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసింది. "జెండా లేత్తే ఇది ఒలువు. తిన్నాకే దారం ముట్టుకో."

తర్వాత జెండా లేచినప్పుడు అతను గుడ్డు ఒలిచి, మొత్తం తిని, చేతులు తుడుచుకుని దారం పట్టుకున్నాడు. ఆ వ్యవధిలో చేప గాలం మింగేసి, రాళ్ళ కిందికి దూరి, దారం తెంపుకుపోయింది.

"తినమన్నావు కదే!"

"ఉప్పు కూడా అద్దుకుని తింటావని నాకేం తెలుసు? ఒలవడం వరకే. తినడం ఇంటికెళ్ళాక."

అలా కుదిరింది. గుడ్డు ఒలిచే వేళకి చేప ఎరతో పక్కకి తిరుగుతుంది. అప్పుడు దారం వేళ్ళతో మెల్లగా ఎత్తి, బరువు తగిలాక, చేప పోయే దిక్కుకి ఎదురుగా ఒక్క పొట్టి గుంజు. ఆ తర్వాత వదులివ్వకుండా చేయి మీద చేయి వేసి లాక్కోవడమే. కుదిరిందంటే అన్నిసార్లూ కాదు. నాలుగు చేపల్లో మూడు వెళ్ళిపోయేవి.

నెలాఖరు ఆదివారం సేఠ్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. జెండా పడుకునే ఉంది. సేఠ్ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాక లేచింది.

"యల్లా! లాగు!" అని సేఠ్ కుర్చీలోంచి లేచాడు.

నాగేంద్రబాబు గుడ్డు తీసి రాతికేసి కొట్టాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఒలుస్తున్నానండి."

"పాగల్! చేప పోతుంది!"

"కంగారు పడకండి సేఠ్‌గారూ. పై పొర కూడా రావాలి" అంది దేవి, తెలుగులోనే. సేఠ్‌కి అర్థం కాలేదు కాని ఆ గొంతుకి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. చుట్టుపక్కల గాలాలవాళ్ళు చేరారు. నాగేంద్రబాబు ఒలిచిన గుడ్డు దేవి చేతికిచ్చి, దారం ఎత్తి, ఆగి, గుంజాడు. బరువు నిలిచింది. అరచేయంత వెడల్పున్న షేరీ చేప రాళ్ళ మీద కొట్టుకుంది.

సేఠ్ దాన్ని తిప్పి చూశాడు. "చేప బాగుంది. కాని ఇంత ఓపిక ఎవడికుంది? వచ్చినవాడు గాలం వేసుకుంటాడు, పట్టుకుంటాడు, పోతాడు. ఇది అమ్ముడుపోదు బాబూ" అన్నాడు. దేవి మొహం తిప్పుకుని సంచి సర్దడం మొదలుపెట్టింది.

గుంపులో ఒకతను ముందుకొచ్చాడు. పేరు తబ్రేజ్, నిజామాబాద్ మనిషి, టాక్సీ డ్రైవరు. అతని కారు రోడ్డు పక్కనే ఆగి ఉంది.

"అన్నా, గిది వెట్టి నేను కార్ల పండుకుంటే, చేప వడ్డదని జెండా జెప్తదా?"

"చెప్తాది."

"మరి నేను లేసి, చెప్పులేసుకొని ఈడిదాంక నడిచొచ్చేదాంక ఆగుతదా?"

"తొందరగా వస్తేనే పోతాదండి."

"గదే గావాలె నాకు. ఎవ్వలూ తొందర వెట్టని పని ఈ ఊళ్ళ ఇదొక్కటే దొరికింది." తబ్రేజ్ సేఠ్ వైపు తిరిగి, ఉర్దూలో తనకొకటీ, తన గదిలో ఉండే డ్రైవర్లకి తలా ఒకటీ కావాలన్నాడు.

సేఠ్ కాసేపు రోడ్డు పక్కన ఆగిన టాక్సీల వరుస చూశాడు. తర్వాత తనే చూసి ఎంచి తెప్పించినవాడిలా జెండా గురించి తబ్రేజ్‌కి వివరించసాగాడు. కుర్చీ మడిచి వెళ్తూ, "రేపు పొద్దున షట్టర్ నువ్వే తియ్యి" అన్నాడు నాగేంద్రబాబుతో.

"అంటే ఉంచుతాడా?" అంది దేవి.

"షట్టర్ డేరాలోనే కదే ఉంది."

నైఫ్ చేరాక అతను చొక్కా మార్చుకుందామని చూస్తే మేకులకి బట్టలేమీ లేవు. మంచం కింద అతని బ్యాగు జిప్పు పెట్టి ఉంది. బట్టలన్నీ అందులోనే, మడతలు నలగకుండా.

"ఎప్పుడు సర్దావే?"

"మొన్న. చివర్లో సర్దితే ఏడుపొత్తాదని" అంది దేవి, చేప కడగడానికి గిన్నె తీసుకుని ఉమ్మడి వంటింట్లోకి పోతూ.

నాగేంద్రబాబు మంచం మీదికి కాళ్ళెత్తి కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, చొక్కాలు ఒక్కొక్కటే తీసి మేకులకి తగిలించాడు.